రెండో భాగం, ఏడో రీలు

సాలిగ్రామంలో రెండో అంతస్తు, కిటికీ లేని గది.
ఏసీ కింద ప్లాస్టిక్ బకెట్,
కారే చుక్క చప్పుడు మైకులో పడకుండా
అందులో ఒక పాత తువాలు.
ఇక్కడ కూర్చుని నేను
ఆకాశంలో ఎగిరేవాళ్లకి తెలుగు నేర్పుతాను.

వాడి పేరు కూడా నేను పెట్టిందే: మేఘకవచుడు.
సౌండు ఇంజినీరు ఇళంగోకి నోరు తిరగదు.
"మేగం రెడీ, మేడమ్" అంటాడు.

మొదటి భాగం ఆడుతూ పాడుతూ రాసేశాను.
ముఖమంతా ముసుగు కదా,
పెదవులు కనబడని మనిషి చేత ఏమైనా అనిపించొచ్చు.
వంతెన కూలుతుంటే ఒక చతురు,
విలన్ పీక పట్టుకుంటే ఉల్లిపాయల ధర మీద ఇంకోటి.
ఒంగోలులో ఈలలు వేశారట.

రెండో భాగంలో వాడు ముసుగు తీశాడు.

హైదరాబాదు నుంచి ఫోను:
"మొదటిదాంట్లో నలభై నవ్వులొచ్చాయండీ,
ఇందులో ఎనభైకి తగ్గకూడదు."
నవ్వు నాలుగు విధాల చేటనేది మా నాయనమ్మ.
మిగతా డెబ్బై ఆరు విధాల సంగతి
పాపం ఆవిడకి తెలియదు.

ఏడో రీలు.
వాడికి రెక్కలు చేసిచ్చిన ముసలి మెకానిక్కు
వాడి ఒళ్లోనే కన్నుమూస్తాడు.
తర్వాత నలభై ఎనిమిది ఫ్రేముల మౌనం,
అంటే రెండు సెకన్లు.
ఆ వెంటనే తెరనిండా వాడి ముఖం, ఒక్క మాట.
పెదవులు మూడుసార్లు కలుస్తాయి.
అక్కడ ప గానీ బ గానీ మ గానీ పడాలి,
లేకపోతే మాట ఒకచోట, నోరు ఒకచోట.

"పోన్లే, బిల్లు తగ్గింది, మావా."

ఇళంగో పగలబడి నవ్వాడు, తెలుగు సగమే తెలిసినా.
నేనూ నవ్వాను, రాసినదాన్ని కాబట్టి.
భుజంగరావు గారు అద్దం అవతల
మైకు ముందు మూడు టేకులు చెప్పారు.
మూడూ సరిపోయాయి పెదవులకి.
హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టారు.

"పోయిన మంగళవారం మా అన్నయ్యని తీసుకెళ్లామమ్మా,
అయనావరంలో.
పాడె లేచే వేళకి వాన పట్టుకుంది.
చేతికందిన గొడుగు వేసుకుని నిలబడ్డాను.
అది అన్నయ్యదే. ఆరేళ్ల కిందట అడిగి తెచ్చుకున్నది.
వదిన చూసింది.
'ఇప్పటికైనా తిరిగిచ్చెయ్యవయ్యా' అంది.
అందరం నవ్వాం. మోసేవాళ్లు కూడా.
పాడె వంకరపోయింది.
అదిగో, అప్పుడేడ్చింది ఆవిడ. అప్పటిదాకా ఏడవలేదు."

ఇళంగో ఫ్యాడర్ మీద వేలు తీయలేదు.
బకెట్లో చుక్క పడితే వినిపించింది, తువాలున్నా.

నేను బిల్లు కొట్టేశాను.
ఆ వదిన ఎవరో నాకు తెలియదు,
ఆవిడ మాట దొంగిలించాను:

"పానా నా దగ్గరే ఉండిపోయింది, మావా."

పా. పో. మా.
మూడుచోట్లా పెదవులు కలిశాయి.
"దగ్గరే" తర్వాత ఆయన
కాగితం మీద లేని ఊపిరి ఒకటి పీల్చారు.
అది ఫ్రేముల్లో పట్టదు.
ఇళంగో ఆ మాట చివర్ని
తర్వాతి షాటులోకి, వాడి వీపు మీదికి జరిపాడు.
అడగకుండానే.

సాయంత్రం మళ్లీ ఫోను.
విన్నాడు. కాసేపు ఏం మాట్లాడలేదు.
"బావుందండీ, కానీ
దీన్ని నవ్వుల్లో రాసుకోనా, ఏడుపుల్లోనా?
పైవాళ్లకి పట్టిక పంపాలి."

"మీ ఇష్టం" అన్నాను.

ఎనిమిదో రీల్లో వాడు మళ్లీ ముసుగేసుకుంటాడు.
దోసె మీద ఒకటి రాసి పెట్టుకున్నాను, బాగానే ఉంది.
చెప్పుల స్టాండు పక్కన
పిడి విరిగిన నల్ల గొడుగు
తెరిచి ఆరబెట్టి ఉంది.
వెళ్తూ వెళ్తూ భుజంగరావు గారు
దాన్ని మరిచిపోయి, మెట్లు దిగి,
మళ్లీ ఎక్కి వచ్చారు.